మెడిసిన్ సీటుకు ఆటలు, ఎన్‌సీసీ పనికొస్తాయా? పిట్టలవానిపాలెం పిల్లలు, తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలు

పిల్లవాడు ఇంటర్ బైపీసీలో చేరాడంటే ఇంట్లో మొదట ఆగిపోయేది ఆట. తర్వాత ఎన్‌సీసీ, ఆ తర్వాత డ్రాయింగ్, క్విజ్, వక్తృత్వ పోటీలు. "రెండేళ్లు ఓర్చుకో, డాక్టర్ అయ్యాక ఎన్ని ఆటలైనా ఆడుకోవచ్చు" అని పెద్దవాళ్లు అంటారు. ఇంకోపక్క అమెరికాలో ఉన్న మామూ ఫోన్ చేసి "మార్కులు ఒక్కటే చాలవు, సేవా కార్యక్రమాలు చేయించండి, సర్టిఫికెట్లు కూడబెట్టండి" అని చెబుతాడు. ఎవరి మాట వినాలో తెలియక పిల్లలు నలిగిపోతారు.

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఇద్దరూ చెప్పేది వేర్వేరు దేశాల పద్ధతి గురించి. పిట్టలవానిపాలెం, చందోలు, ఖాజీపాలెం లాంటి ఊళ్ల నుంచి ఎంబీబీఎస్‌కు వెళ్లాలనుకునే పిల్లలకు ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు, ఆటకూ చదువుకూ టైం ఎలా పంచుకోవాలి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

మన దగ్గర సీటు ఇచ్చేది నీట్ ర్యాంకే

ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ ఉండేది. అందులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చేవారు. 2016లో సుప్రీంకోర్టు తీర్పు, ఆ వెంటనే కేంద్రం తెచ్చిన ఆర్డినెన్స్ మధ్య రాష్ట్రాలకు ఒక్క ఏడాది వెసులుబాటు దొరికింది. 2017 నుంచి మెడిసిన్ సీట్లన్నీ నీట్ ద్వారానే. 2020 నుంచి ఎయిమ్స్, జిప్మర్ కూడా సొంత పరీక్షలు మానేసి నీట్ కిందికే వచ్చాయి. మన గుంటూరు జిల్లా మంగళగిరి ఎయిమ్స్‌కూ ఇదే దారి.

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. 2025 నుంచి ఛాయిస్ ప్రశ్నలు తీసేశారు. టైం 3 గంటలు, అంటే సగటున ప్రశ్నకు ఒక్క నిమిషం. ఇద్దరికి సమానంగా మార్కులు వస్తే ముందు బయాలజీ మార్కులు చూస్తారు, తర్వాత కెమిస్ట్రీ, ఆ తర్వాత ఫిజిక్స్.

ప్రశ్నపత్రం తెలుగులోనూ, ఉర్దూలోనూ దొరుకుతుంది. ఉర్దూను 2018లో చేర్చారు. అయితే తెలుగు పేపర్ ఎంచుకున్న వాళ్లకు మన రెండు తెలుగు రాష్ట్రాల సెంటర్లే ఇస్తారు. దరఖాస్తు నింపేటప్పుడు ఎంచుకున్న భాషను తర్వాత ఇష్టం వచ్చినట్టు మార్చుకోవడం కుదరదు, కాబట్టి పిల్లవాడు రెండేళ్లు ఏ భాషలో చదివాడో అదే పెట్టడం మేలు.

మరి ఇంటర్ మార్కులు? అవి ర్యాంకుకు కలవవు. కానీ అర్హతకు కావాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి జనరల్ వాళ్లకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం ఉండాలి. ఇంగ్లిష్ పాసై ఉండాలి. ప్రవేశం పొందే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. నీట్‌లో మంచి ర్యాంకు వచ్చి, ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోతే ఆ ర్యాంకు ఎందుకూ కొరగాదు. అందుకే "ఇంటర్ ఎలాగైనా గట్టెక్కుతుందిలే" అన్న ధోరణి మంచిది కాదు.

అర్హత వేరు, సీటు వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2025లో 22 లక్షల మందికి పైగా నీట్ రాశారు. 12.36 లక్షల మంది అర్హత సాధించారు. జనరల్ కటాఫ్ 144 మార్కులు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు అందులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. "మా వాడు నీట్ క్వాలిఫై అయ్యాడు" అంటే ప్రభుత్వ సీటు వచ్చినట్టు కాదు.

ఇంటర్వ్యూ ఉన్న కాలేజీ మనకూ ఉండేది

మన దేశంలో మార్కులు కాకుండా మనిషిని చూసి చేర్చుకున్న కాలేజీలు లేకపోలేదు. తమిళనాడులోని వెల్లూరు సీఎంసీ చాలా ఏళ్లు సొంత పరీక్ష పెట్టి, ఆ తర్వాత అభ్యర్థులను పిలిచి ఇంటర్వ్యూ చేసేది. గ్రామాల్లో పనిచేసే మనసుందా లేదా అని చూసేది. నీట్ తప్పనిసరి అన్నప్పుడు ఆ కాలేజీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2020 ఏప్రిల్ 29న తీర్పు వచ్చింది. మైనారిటీ సంస్థలైనా, ప్రైవేటు సంస్థలైనా నీట్ వర్తిస్తుందని కోర్టు తేల్చింది.

ఈ తీర్పు ముస్లిం మైనారిటీ కాలేజీలకూ అంతే. కడప ఫాతిమా, ఇబ్రహీంపట్నం దగ్గరి నిమ్రా, హైదరాబాద్ దక్కన్ లాంటి కాలేజీల్లో మైనారిటీ సీటు కావాలన్నా నీట్ ర్యాంకు ఉండాల్సిందే. ర్యాంకుతో పనిలేకుండా సీటు ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. కాలేజీ ఏదైనా ఆ ఏడాది సీట్లకు జాతీయ వైద్య కమిషన్ అనుమతి ఉందో లేదో చూసుకున్నాకే ఆప్షన్ పెట్టాలి.

ఆటలకు, ఎన్‌సీసీకి కోటా ఎంత?

ఆంధ్రప్రదేశ్‌లో కౌన్సెలింగ్ చేసేది విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. 2022లో దీనికి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ పాత పేరు వచ్చింది. పాత కాగితాల్లో ఏ పేరున్నా యూనివర్సిటీ ఒక్కటే.

రాష్ట్ర కోటాలో ఎన్‌సీసీకి ఒక శాతం, క్రీడలకు అర శాతం రిజర్వేషన్ ఉంది. వినడానికి బాగుంటుంది. లెక్క వేస్తే అసలు సంగతి తెలుస్తుంది. వెయ్యి సీట్లుంటే ఎన్‌సీసీకి 10, క్రీడలకు 5. అవి రాష్ట్రమంతటి పిల్లల మధ్య పంచుకోవాలి.

పైగా ఈ కోటాలో అందరూ ఒకే వరసలో ఉండరు. జిల్లా స్థాయిలో ఆడిన సర్టిఫికెట్ కన్నా రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడినది పైన ఉంటుంది, దాని పైన దేశం తరఫున ఆడినది. ఎన్‌సీసీలోనూ అంతే. ఢిల్లీ రిపబ్లిక్ డే క్యాంపుకు వెళ్లి వచ్చిన క్యాడెట్‌కూ, ఊళ్లో పరేడ్ చేసి 'ఎ' సర్టిఫికెట్ తెచ్చుకున్న క్యాడెట్‌కూ చాలా తేడా ఉంటుంది. క్రీడల సర్టిఫికెట్లను రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ పరిశీలిస్తుంది, ఎన్‌సీసీవి ఎన్‌సీసీ అధికారులు చూస్తారు. ఇవన్నీ ఉన్నా నీట్ కటాఫ్ దాటకపోతే కోటా వర్తించదు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఈ రెండు కోటాలూ రాష్ట్ర సీట్లకే. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు పోతాయి, వాటిలోనూ ఎయిమ్స్‌లోనూ ఎన్‌సీసీ, క్రీడల కోటా లేదు.

కాబట్టి తేలేదేమిటంటే, పిల్లవాడు ఇప్పటికే రాష్ట్ర జట్టులో ఉంటే, లేదా ఎన్‌సీసీలో పెద్ద క్యాంపుల దాకా వెళ్లి ఉంటే ఆ కాగితాలు భద్రంగా పెట్టుకుని కోటాకు తప్పకుండా దరఖాస్తు చేయాలి. లేకపోతే సీటు కోసం అని ఇంటర్ మొదటి సంవత్సరంలో కొత్తగా ఆట మొదలుపెట్టడంలో అర్థం లేదు. ఆట ఆడాల్సింది ఆరోగ్యం కోసం, సంతోషం కోసం.

ఎన్‌సీసీ విషయంలో తల్లిదండ్రులు తరచూ పట్టించుకోని సంగతి ఒకటుంది. స్కూల్లో చేసిన జూనియర్ విభాగానికి 'ఎ' సర్టిఫికెట్ వస్తుంది. 'బి' సర్టిఫికెట్ కావాలంటే ఇంటర్‌లో లేదా డిగ్రీలో సీనియర్ విభాగంలో ఉండాలి. అంటే చేరబోయే జూనియర్ కాలేజీలో ఎన్‌సీసీ యూనిట్ ఉండాలి. హాస్టల్ కాలేజీలు చాలావాటిలో అది ఉండదు. బాపట్ల, తెనాలి, పొన్నూరు, రేపల్లెల్లో ఎక్కడ చేర్చాలా అని ఆలోచిస్తున్నప్పుడే ఈ ప్రశ్న అడగాలి. చేరాక అడిగితే లాభం లేదు.

అమెరికా మామూ చెప్పేది ఎక్కడ నిజం?

అమెరికాలో పిల్లలు ఇంటర్ అవగానే మెడిసిన్‌లో చేరరు. ముందు నాలుగేళ్ల డిగ్రీ చేస్తారు. ఆ తర్వాత ఎంక్యాట్ రాస్తారు, దాని స్కోరు 472 నుంచి 528 మధ్య ఉంటుంది. డిగ్రీ మార్కుల సగటు, ఎంక్యాట్ స్కోరుతో పాటు దరఖాస్తులో 15 దాకా పనులు, అనుభవాలు రాసుకోవచ్చు. ఆసుపత్రిలో సేవ, పరిశోధన, ఆటలు, ఉద్యోగం, ఏదైనా సరే. అందులో మూడింటిని ముఖ్యమైనవిగా ఎంచుకుని వివరంగా రాయాలి. ఆ తర్వాత ఇంటర్వ్యూ. బ్రిటన్‌లో కూడా స్కూలు మార్కులు, యూక్యాట్ పరీక్ష, ఇంటర్వ్యూ మూడూ చూస్తారు.

అక్కడ స్థిరపడిన మన వాళ్ల పిల్లలకు నిజంగానే ఈ రెండింటి మధ్య తూకం పాటించాల్సి వస్తుంది. వాళ్లకు కూడా అక్కడి సలహాదారులు చెప్పే మాట ఒకటే: ఇరవై చోట్ల పేరు రాయించుకోవడం కన్నా రెండు పనులు ఏళ్ల తరబడి చేయడం మంచిది, మార్కులు మరీ పడిపోతే ఏ సేవా కార్యక్రమమూ దాన్ని పూడ్చలేదు.

రష్యా, జార్జియా, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ వైపు చూసేవాళ్లకు మాత్రం ఇవేవీ వర్తించవు. తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే ముందు నీట్ అర్హత ఉండాలి. 2021 నవంబర్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్‌లోనే బోధించాలి, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. ఏజెంట్ కరపత్రంలో ఈ మూడూ ఉన్నాయో లేదో చూడండి.

వారానికి 168 గంటలు: ఒక లెక్క

"ఆటకు టైం ఎక్కడుంది?" అన్నది అందరూ వేసే ప్రశ్న. పిట్టలవానిపాలెం నుంచి రోజూ బస్సులో బాపట్లకో పొన్నూరుకో కాలేజీకి వెళ్లొచ్చే అమ్మాయిని ఊహించుకుని లెక్క వేద్దాం.

- నిద్ర రోజుకు 7 గంటలు: 49 గంటలు
- కాలేజీ రోజుకు 8 గంటలు, 6 రోజులు: 48 గంటలు
- రాకపోకలు రోజుకు గంటన్నర, 6 రోజులు: 9 గంటలు
- తిండి, స్నానం, ఇంటిపని, ఇతరాలు రోజుకు 2 గంటలు: 14 గంటలు
- సొంతంగా చదువు రోజుకు 5 గంటలు: 35 గంటలు

మొత్తం 155 గంటలు. ఇంకా 13 గంటలు మిగులుతాయి. రోజుకు 40 నిమిషాల చొప్పున ఆరు రోజులు బ్యాడ్మింటనో, నడకో, వాలీబాలో ఆడితే 4 గంటలు. మిగతా 9 గంటల్లో ఆదివారం ఒక పూర్తి మాక్ టెస్టు రాసి, తప్పులు సరిచూసుకోవచ్చు. ఇంకా కాస్త ఊపిరి తీసుకునే వెసులుబాటు ఉంటుంది.

అంటే టైం తినేసేది ఆట కాదు. రోజూ రెండు గంటలు ఫోన్లో వీడియోలు చూస్తే వారానికి 14 గంటలు, అంటే మిగిలిన టైమంతా పోయి ఇంకో గంట అప్పు పడుతుంది. అది గమనించకుండా ఆట మానిపించి, ఫోన్ చేతిలోనే ఉంచేస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి.

అయితే ఏ పనికైనా ఒక హద్దు పెట్టుకోవాలి. మొదటి సంవత్సరంలో ఆట, ఎన్‌సీసీ, క్విజ్ ఏదైనా ఒకటి లేదా రెండు ఉంచుకోవచ్చు. రెండో సంవత్సరం దసరా సెలవుల తర్వాత క్యాంపులు, టోర్నమెంట్ల లాంటి రోజులకు రోజులు పట్టేవి తగ్గించాలి. రోజువారీ 40 నిమిషాల ఆట మాత్రం పరీక్ష ముందు రోజు దాకా ఉండొచ్చు. వరుసగా మూడు మాక్ టెస్టుల్లో మార్కులు పడితే అప్పుడు దేన్ని తగ్గించాలో కూర్చుని మాట్లాడుకోవాలి. ఒక్క టెస్టు చూసి తిట్టకూడదు.

ఇంకో చిన్న లెక్క. వచ్చిన జవాబే నిద్రమత్తులో తప్పుగా పెడితే, రావాల్సిన 4 పోవడమే కాక ఇంకో మార్కు కోత. అంటే 5 మార్కుల తేడా. అలాంటివి పది జరిగితే 50 మార్కులు. అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టి నిద్ర చెడగొట్టడం వల్ల ఎంత నష్టమో దీన్నిబట్టి చూడండి.

కాగితాలు: మార్కులొచ్చినా ఇక్కడే దెబ్బ తింటారు

మన ప్రాంతం పిల్లలు ముందే సిద్ధం చేసుకోవాల్సినవి ఇవి.

ఒకటి, స్థానికత. బాపట్ల జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ స్థానిక ప్రాంతంలోకి వస్తుంది. దీనికి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఉంచుకోవాలి. పని కోసం కుటుంబం చెన్నైకో బెంగళూరుకో వెళ్లి పిల్లలను అక్కడే చదివించిన వాళ్లు ఈ నిబంధన ముందే చదువుకోవాలి.

రెండు, కులం, వర్గం. రాష్ట్రంలో బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. 2007 చట్టం ప్రకారం 14 ముస్లిం వర్గాలకు ఇది వర్తిస్తుంది. షేక్‌లు ఇందులోకి వస్తారు. దూదేకుల, నూర్‌బాషా వాళ్లు బీసీ-బిలో ఉన్నారు, ఆ గ్రూపుకు 10 శాతం. సయ్యద్, మొఘల్, పఠాన్ లాంటి వాళ్లు బీసీ-ఈలోకి రారు, ఆదాయ పరిమితి సరిపోతే ఈడబ్ల్యూఎస్ 10 శాతం కింద ప్రయత్నించవచ్చు. పేరు ముందు ఏమున్నా, చెల్లేది తహసీల్దార్ ఇచ్చిన సర్టిఫికెట్టే.

మూడు, కేంద్రం జాబితా వేరు, రాష్ట్రం జాబితా వేరు. రాష్ట్రంలో బీసీ-ఈ అయినంత మాత్రాన అఖిల భారత కోటాలో ఓబీసీ అయిపోరు. నీట్ దరఖాస్తులో కేటగిరీ నింపే ముందు కేంద్ర ఓబీసీ జాబితాలో మీ వర్గం ఉందో లేదో చూసుకోండి. ఇంటర్నెట్ సెంటర్‌లో తొందరగా నింపించి, తర్వాత కౌన్సెలింగ్‌లో ఇబ్బంది పడకండి.

నాలుగు, ఆదాయ, ఈడబ్ల్యూఎస్ పత్రాలకు గడువు ఉంటుంది. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానికే. గ్రామ సచివాలయంలో ముందుగా దరఖాస్తు చేసి పెట్టుకోవాలి.

ఐదు, ఆధార్, పదో తరగతి మెమో, కుల ధ్రువపత్రం మూడింటిలో పేరు ఒకేలా ఉండాలి. షేక్, షాయిక్ అని ఒక్కో దాంట్లో ఒక్కోలా ఉంటే ఇంటర్ మొదటి ఏడాదిలోనే సరిచేయించుకోవడం మంచిది.

ఫీజు తెలిసి ఆప్షన్ పెట్టాలి

గుంటూరు మెడికల్ కాలేజీ 1946 నుంచి ఉంది, విజయవాడ సిద్ధార్థ 1980 నుంచి. మన పిల్లలకు అందుబాటులో ఉన్న పాత ప్రభుత్వ కాలేజీలు ఇవే. 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో 150 సీట్ల చొప్పున కొత్త ప్రభుత్వ కాలేజీలు మొదలయ్యాయి. వీటిలో సీట్లన్నీ ఒకే ఫీజుకు ఉండవు. మొదలైనప్పుడు ఏ కేటగిరీకి ఏడాదికి 15 వేలు, బీకి 12 లక్షలు, ఎన్ఆర్ఐకి 20 లక్షలు నిర్ణయించారు. 'ప్రభుత్వ కాలేజీ' అన్న మాట చూసి కేటగిరీ చూడకుండా ఆప్షన్ పెడితే చిక్కే. పొలం అమ్మే ముందు మొత్తం ఏళ్లకు ఎంతవుతుందో లెక్క కట్టండి.

నీట్‌కు గరిష్ఠ వయసు లేదు, ఎన్నిసార్లు రాయాలన్న పరిమితీ లేదు. అందుకని ఏళ్లకు ఏళ్లు లాంగ్ టర్మ్‌లో కూర్చోబెట్టడం కూడా సరికాదు. మొదటిసారి వచ్చిన మార్కులకు, కావాల్సిన మార్కులకు మధ్య తేడా ఎంత, ఏ సబ్జెక్టులో పోయాయి అన్నది పిల్లలతో కలిసి చూసుకుని నిర్ణయం తీసుకోవాలి. బీడీఎస్, ఆయుర్వేదం, యునాని, హోమియో, వెటర్నరీ, బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ ఉన్నాయి. బాపట్లలోనే వ్యవసాయ కళాశాల ఉంది. ఇవి ఓడిపోయిన వాళ్ల కోర్సులు కావు.

సీటు ఇవ్వకపోయినా, డాక్టర్‌ను చేస్తాయి

మరి ఆటపాటలు దేనికీ పనికిరావా? సీటుకు పనికిరాకపోవచ్చు, చేరాక పనికొస్తాయి. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో రోగితో మాట్లాడే తీరు, నడవడిక, నైతికత మీద ప్రత్యేకంగా పాఠాలు పెట్టారు. మొదట్లో ఇచ్చే ఫౌండేషన్ కోర్సులో ఆటలు, ఇతర కార్యక్రమాలు, స్థానిక భాష నేర్చుకోవడం కూడా చేర్చారు. పుస్తకం తప్ప ఇంకేమీ తెలియని పిల్లవాడు ఇక్కడ తడబడతాడు. జట్టులో ఆడినవాడు, పదిమంది ముందు మాట్లాడినవాడు, ఓడిపోయి మళ్లీ లేచినవాడు తట్టుకుంటాడు. ఉర్దూలో బాధ చెప్పుకునే నానీమాతోనూ, తెలుగులో చెప్పే రైతుతోనూ మాట్లాడగలిగే డాక్టర్ మన జిల్లాకు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు సరిగా తినకపోయినా, నిద్రపోకపోయినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా దాన్ని చదువు మీద శ్రద్ధ అనుకోకండి. దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి. హాస్టల్లో ఉంటే వెళ్లి చూసి రండి. టెలిమానస్ ఉచిత నంబర్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు, పిల్లలైనా పెద్దలైనా చేయొచ్చు. సీటు ఈ ఏడాది రాకపోతే వచ్చే ఏడాది ప్రయత్నించవచ్చు, లేదా ఇంకో దారి చూసుకోవచ్చు. ముందు పిల్లలు క్షేమంగా ఉండాలి.

కోటాలు, ఫీజులు, తేదీలు ఏటా మారే అవకాశం ఉంది. దరఖాస్తు చేసే ఏడాది నీట్ సమాచార పుస్తకం, ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రాస్పెక్టస్ రెండూ చదివాకే ముందుకు వెళ్లండి.